ద్వీపాంతరవాసంలో గృహస్థులు

అండమాన్ నికోబార్ దీవుల ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లేర్‌లో డిగ్నాబాద్ ఒక పేట. 2024 సెప్టెంబరులో ఈ పట్టణానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు. గతాన్ని గురించి చెప్పేటప్పుడు మాత్రం పాత పేరు వాడక తప్పదు. అబర్డీన్ బజారుకు చేరువలో ఉన్న ఈ పేటలో యాత్రికుడు ప్రత్యేకించి చూడవలసిన కట్టడాలేవీ లేవు. ఇళ్ళు, దుకాణాలు, బడికి పోయే పిల్లలు - ఏ చిన్న పట్టణంలోనైనా కనిపించేవే ఇక్కడా కనిపిస్తాయి. అదే పట్టణంలో అట్లాంటా పాయింట్ మీద సెల్యులర్ జైలు ఉంది. ఒకప్పుడు స్త్రీల జైలు ఉండిన సౌత్ పాయింట్ కూడా ఆ తీరానిదే. దేశం నలుమూలల నుంచి వచ్చేవారు సెల్యులర్ జైలును దర్శించి, అక్కడ బాధలు పడ్డ దేశభక్తులకు నమస్కరించి వెళతారు. అది ఉచితమే. కాని ఆ గదులలో నెలలు, సంవత్సరాలు గడిపి బయటికి వచ్చిన వేలాదిమంది ఆపైన ఎక్కడ ఉన్నారు, ఎలా బ్రతికారు అన్న ప్రశ్నకు జైలు గోడలు సమాధానం చెప్పవు. దానికోసం చుట్టుపక్కల పేటలను, పల్లెలను చూడాలి.

వారిలో అత్యధికులు దేశభక్తులు కారు, సామాన్య నేరస్థులు. ఎవరో పొలంగట్టు తగాదాలో కత్తి ఎత్తినవాడు, ఎవరో దారిదోపిడి ముఠాలో చేరినవాడు, ఎవరో బిడ్డను చంపుకున్న అభాగిని. తప్పు జరగడానికి ఒక రాత్రి చాలు. ఆ తరువాత మిగిలిన జీవితం ముప్పై, నలభై ఏళ్ళు ఉంటుంది. ఆ మిగిలిన కాలంలో మనిషి ఏ ఆధారంతో నిలబడతాడన్నది తత్త్వశాస్త్రంలో చర్చకు వచ్చే ప్రశ్న. అండమాన్‌లో అది పరిపాలనా సమస్యగా కూడా పరిణమించింది. అందువల్లనే దానికి లిఖిత సాక్ష్యం మిగిలింది.

తెలుగు కావ్యాలలో తప్పుదారి పట్టినవారి కథలకు లోటు లేదు. శ్రీనాథుని కాశీఖండంలో గుణనిధి ఉన్నాడు; తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ ఉన్నాడు. జూదరి అయిన గుణనిధి శివరాత్రినాడు గుడిలో నైవేద్యం దొంగిలించబోయి, వెలుతురు కోసం దీపంలో వత్తి వేసిన పుణ్యానికి శివలోకం చేరుతాడు. తోడబుట్టిన అక్క బుద్ధి చెప్పి చూసినా మారని నిగమశర్మను చివరకు క్షేత్రమహిమ ఉద్ధరిస్తుంది. ఈ కథలలో దయ ఉంది, సందేహం లేదు. అయితే రెంటిలోనూ ఉద్ధరణ మరణంతోనే వస్తుంది. తప్పు చేసినవాడు తెల్లవారి లేచి పొయ్యి రాజేసుకుని, పొరుగువాడితో మాట కలిపి, బిడ్డను బడికి పంపే రోజులను కావ్యం వర్ణించలేదు. పుణ్యక్షేత్రమేదీ లేని అండమాన్‌లో జరిగింది సరిగ్గా ఆ కథ.

"ద్వీపాంతరం" అన్న మాటను తెలుగువారు ఆంగ్ల ప్రభుత్వపు ప్రవాసశిక్షకు వాడుకున్నారు. మాటకు అర్థం ఇంకొక దీవి అనే. వాడుకలో మాత్రం అది తిరిగిరాని చోటు. సముద్రం దాటితే కులం చెడుతుందన్న నమ్మకం బలంగా ఉన్న రోజులలో ఈ శిక్ష ఉరికంటె ఎక్కువ భయపెడుతుందని పాలకులు లెక్కవేశారు. ఉత్తరాదివారు దీనినే కాలాపానీ అన్నారు. అండమాన్‌కు ముందు మద్రాసు రాజధాని నుంచి శిక్షితులను బెంకూలన్, పినాంగ్, సింగపూర్ వంటి చోట్లకు పంపిన చరిత్ర ఉంది. అండమాన్‌లో మొదటి వలస 1789లో ఆర్చిబాల్డ్ బ్లేర్ ఆధ్వర్యంలో ఏర్పడి, మూడేళ్ళకు ఉత్తరాన మరొక రేవుకు తరలి, జ్వరాలకు తట్టుకోలేక 1796లో మూతపడింది. 1857 తిరుగుబాటు తరువాత అవసరం మళ్ళీ వచ్చింది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగాడు. దట్టమైన అడవి, ఎడతెగని వర్షాలు, మలేరియా, విల్లంబులతో ఎదిరించే ఆదివాసులు - మొదటి సంవత్సరాలలో ఖైదీలు పెద్దసంఖ్యలో మరణించారు. పారిపోయినవారు అడవిలో హతులయ్యారు. పట్టుబడ్డవారిని వాకర్ ఒకేసారి పదుల సంఖ్యలో ఉరితీయించాడు.

అలా పారిపోయి బ్రతికి వచ్చిన వారిలో దూధ్‌నాథ్ తివారీ పేరు ప్రసిద్ధం. తిరుగుబాటు సిపాయి అయిన ఇతడు 1858 ఏప్రిల్‌లో తప్పించుకుని అండమానీయుల మధ్య సుమారు ఒక సంవత్సరం గడిపాడు. వారి కట్టుబాట్లు నేర్చాడు. అక్కడ వివాహం కూడా చేసుకున్నట్లు తన వాఙ్మూలంలోనే చెప్పాడు. 1859లో వారు అబర్డీన్ స్థావరంపై దాడికి సిద్ధమవుతున్నారని తెలియగానే ముందుగా పరుగెత్తి వచ్చి అధికారులకు కబురు అందించాడు. మే నెలలో జరిగిన ఆ పోరులో అండమానీయులు ఓడిపోయారు. దూధ్‌నాథ్‌కు క్షమాభిక్ష లభించింది. అబర్డీన్ పోరులో నేలకొరిగిన అండమానీయుల స్మారకస్తంభం పట్టణంలో సముద్రతీరాన నేటికీ ఉంది. తోటి ఖైదీల ప్రాణాలు కాపాడినవాడిగా ఇతడిని మెచ్చుకోవాలా, అన్నం పెట్టిన వారిని అప్పగించినవాడిగా నిందించాలా అన్నది చరిత్రకారులు తేల్చలేకపోయిన విషయం. అది తేలేది కూడా కాదేమో.

ఖైదీల వలస వ్యవస్థ క్రమంగా స్థిరపడింది. పందొమ్మిదో శతాబ్దాంతం నాటికి యావజ్జీవ శిక్షితుడి జీవితాన్ని ప్రభుత్వం మెట్లుగా విభజించింది. 1896లో నిర్మాణం మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలులో ఆరు నెలల ఏకాంతవాసం మొదటి మెట్టు. తరువాత ఏడాదిన్నర ఇతరులతో కలిసి ఉండే జైలులో కఠినశ్రమ. ఆ పైన మూడేళ్ళు బారకులలో నివాసం. పగలు బయట చాకిరి, రాత్రి తాళం. ఈ చాకిరికి ప్రతిఫలం లేదు. తరువాతి ఐదేళ్ళలో చిన్న భత్యం, యోగ్యత ఉంటే తోటివారిపై అజమాయిషీ చేసే చిన్న ఉద్యోగం. పదేళ్ళు నిండితే, నడవడి బాగుంటే, సెలవు చీటీ లభించేది. అప్పటినుంచి అతడు "సెల్ఫ్ సపోర్టర్" - అంటే ప్రభుత్వపు కూటిమీద ఆధారపడక సొంతంగా బ్రతికే ఖైదీ. ఇరవై, ఇరవై అయిదేళ్ళు గడిచాక పూర్తి విడుదలకు అవకాశం ఉండేది.

ఖైదీ మెడలో చెక్కబిళ్ళ వేలాడేది. దానిపై అతడి సంఖ్య, నేరానికి వర్తించిన శిక్షాస్మృతి సెక్షన్, శిక్ష పడిన తేదీ ఉండేవి. ఎదుటపడ్డ ప్రతి అధికారి మొహం చూడకముందు బిళ్ళ చూసేవాడు. ఒక మనిషిని అతడు చేసిన అతి నీచమైన పనితో గుర్తించడానికి ఇంతకన్న సూటి పద్ధతి మరొకటి లేదు. ఇంటిపేరు, ఊరు, తాత ముత్తాతలు, చేతిలోని పనితనం - ఏవీ దానిమీద లేవు.

ఆశ్చర్యమేమంటే, ఈ బిళ్ళ కట్టిన ప్రభుత్వమే పదేళ్ళ తరువాత అతడి చేతికి ఒక గుడిసె, ఒక నేలముక్క, పనిముట్లు అప్పగించింది. మొదటి మూడు నాలుగేళ్ళు శిస్తు లేదు. ఆ తరువాత సాయం ఆగిపోయి, కట్టుబడులు మొదలయ్యేవి. సాగు చేయవచ్చు, పశువులు పెంచవచ్చు, స్వదేశం నుంచి భార్యాబిడ్డలను రప్పించుకోవచ్చు, లేదా ఇక్కడే పెళ్ళి చేసుకోవచ్చు. అనుమతి లేకుండా స్థావరం విడిచిపోరాదు. పని లేకుండా కూర్చోరాదు. ఇరవయ్యో శతాబ్దారంభాన ఇటువంటి వారు 38 పల్లెలలో నివసించేవారు. 1901 నాటికి ఖైదీలు, కావలివారు, ఉద్యోగులు, వర్తకులు, కుటుంబాలు కలిసి స్థావరం జనాభా 16,106. అందులో సుమారు పన్నెండు వేలమంది ఖైదీలే.

ఈ ఔదార్యానికి కరుణ ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. అడవి నరికించాలి, వరి పండించాలి, వలస ఖర్చు తగ్గాలి. బంధించిన ఖైదీ తినే కూడుకు ఖజానా బాధ్యత. పొలం దున్నే ఖైదీ ఖజానాకు శిస్తు కడతాడు. అయినా ఫలితం మాత్రం లెక్కల పుస్తకాన్ని మించిపోయింది. తనకు చెప్పిన పని చేయడం వేరు, తన మడికి నీరు పారిందా లేదా అని అర్ధరాత్రి లేచి చూసుకోవడం వేరు. మొదటిది శిక్ష. రెండవది సంసారం. నిన్నటి హంతకుడు ఆ రెండవదానిలో పడినప్పుడు అతడి గుణం మారిందా అంటే చెప్పడం కష్టం. అతడికి రేపటితో పని పడింది, అంతవరకు నిజం.

సంసారం అంటే స్త్రీ ఉండాలి. ఈ విషయంలోనే వలస బలహీనత అంతా బయటపడుతుంది. ఖైదీలలో స్త్రీలు పదింట ఒక వంతు కూడా లేరు. వారిని సౌత్ పాయింట్‌లోని స్త్రీల జైలులో ఉంచి నేత, కుట్టుపని వంటివి చేయించేవారు. ఐదేళ్ళు పూర్తయిన స్త్రీకి వివాహార్హత వచ్చేది. పెళ్ళాడదలచిన సెల్ఫ్ సపోర్టర్ అధికారి అనుమతిపత్రం తీసుకుని జైలుకు వచ్చేవాడు. అర్హులైన స్త్రీలు వరుసగా నిలబడేవారు. చూపులు, ఒకటి రెండు మాటలు, అంగీకారం. తరువాత రిజిస్టరులో నమోదు. ఆ పైన ఎవరి మతాచారం ప్రకారం వారు తంతు జరుపుకునేవారు. ఇద్దరిదీ ఒకే మతమై ఉండాలన్నది నియమం. ఊరు, భాష, శాఖ, గోత్రం అడిగే పెద్దలు లేరు. పంజాబువాడికి బెంగాలీ స్త్రీ, దక్షిణాదివాడికి హిందుస్థానీ స్త్రీ ఇల్లాలు కావచ్చు. ఇంట్లో మాట్లాడే భాష ఏదన్నది కూడా ఆ తరువాతనే తేలేది. క్రమంగా అది హిందుస్థానీ అయింది.

ఈ పద్ధతిని చూసి నాటి ఆంగ్లేయ యాత్రికులు కొందరు నవ్వుకున్నారు, కొందరు ఈసడించుకున్నారు. సంతలో బేరంలా ఉందన్నారు. నిజమే, దానిలో మర్యాద తక్కువ. జైలునుంచి బయటపడేందుకే తలవూపిన స్త్రీలు ఉన్నారు. వండిపెట్టే మనిషి కోసమే వచ్చిన పురుషులు ఉన్నారు. అనుమానాలు, కొట్లాటలు, హత్యలు జరిగాయి. స్త్రీల కొరతవల్ల కలిగిన అనర్థాలు అధికార నివేదికలలో పదేపదే కనిపిస్తాయి. అయితే స్త్రీ వైపు నుంచి ఆలోచించినవారు తక్కువ. భర్తనో బిడ్డనో చంపిన నేరంపై వచ్చిన స్త్రీ, స్వగ్రామంలో అయితే గడప తొక్కనివ్వరు. ఆమె నేరం ఏమిటో తెలిసిన మనిషి, తానూ అటువంటివాడే అయిన మనిషి, ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. దాచుకోవలసిన గతం ఇద్దరికీ లేదు; రిజిస్టరులోనే రాసి ఉంది. సాధారణ వివాహాలలో దుర్లభమైన ఈ నిస్సంకోచం ఆ పెళ్ళిళ్ళకు ఒక మూలధనం. అన్ని ఇళ్ళలోనూ అది చెలామణి కాలేదు. కొన్ని ఇళ్ళలో అయినా కాకపోతే వలస నిలిచేదే కాదు.

ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలను "లోకల్ బార్న్" అన్నారు. నేరం రక్తంలో ఉంటుందన్న వాదం ఐరోపాలో ప్రబలంగా ఉన్న కాలమది. ఇటలీలో లాంబ్రోసో పుర్రెలు కొలిచి పుట్టు నేరస్థులను గుర్తించవచ్చని చెప్పిన రోజులు. భారతదేశంలో 1871 నాటి చట్టం కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. తెలుగు జిల్లాలలో ఎరుకలవారు మొదలైనవారు ఆ ముద్రను తరువాతి దశాబ్దాలలో మోశారు. ఆ వాదమే నిజమైతే తల్లిదండ్రులిద్దరూ యావజ్జీవ శిక్షితులైన అండమాన్ పిల్లలకంటె ఘోరమైన తరం ఉండకూడదు. 1894 నుంచి 1904 వరకు ఇక్కడ చీఫ్ కమిషనరుగా ఉన్న రిచర్డ్ టెంపుల్ 1901 జనగణన నివేదికలో ఈ పిల్లల గురించి శ్రద్ధగా రాశాడు. పిల్లలు చురుకైనవారని, ఆరోగ్యవంతులని, ఘోరనేరాల వైపు వీరికి ప్రత్యేకమైన మొగ్గు ఏదీ కనిపించలేదని అతడి అభిప్రాయం. పెరిగినవారిలో సోమరితనం, లేనిపోని గొప్పలు వంటి లోపాలను కూడా అతడు దాచలేదు. ఆ లోపాలు ఏ జిల్లాలోని ఏ కులంవారిలోనైనా కనిపించేవే కదా! ఖైదీల పిల్లలకు ప్రాథమిక విద్య నిర్బంధం. అదే కాలంలో మద్రాసు రాజధానిలోని స్వేచ్ఛాజీవుల పిల్లలకు ఆ అదృష్టం లేదు.

కులం సంగతి మరింత విచిత్రం. తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. మొదటి తరం చాలావరకు మరచిపోయింది. తరువాతి తరాలలో మళ్ళీ కొన్ని విభాగాలు, పై కింది భేదాలు తలెత్తిన సూచనలు ఉన్నాయి. మనుషులు ఎక్కడికి పోయినా తమ దౌర్బల్యాలను కూడా మూటగట్టుకునే పోతారు. అయినా విందులో పక్కపక్కన కూర్చోవడం, ఒకరి పండుగకు మరొకరు పోవడం ఈ సమాజంలో సహజంగా నిలిచిపోయాయి.

ఈ వలసలో పైకి వచ్చినవారందరూ మంచివారయ్యారని అనుకోరాదు. పెట్టీ ఆఫీసరు, టిండాల్, జమాదారు అన్న పదవులు ఖైదీలకే ఇచ్చేవారు. తోటివాడి వీపుమీద కర్ర ఆడించే అధికారం చేతికి రాగానే యజమానులకంటె క్రూరులైన వారి గురించి సెల్యులర్ జైలు రాజకీయ ఖైదీల జ్ఞాపకాలలో విస్తారంగా ఉంది. గుడిసె, నేల ఇచ్చినచోట సంసారి కనిపిస్తాడు. కర్ర ఇచ్చినచోట టిండాల్ కనిపిస్తాడు. మనిషి ఒకడే కావచ్చు.

ఇంకొక అప్పు కూడా ఉంది. ఖైదీకి ఇచ్చిన నేల ఎవరిదీ కాని నేల కాదు. అది అండమానీయుల వేట అడవి. వలసతో పాటు వచ్చిన రోగాలు వారిని తుడిచిపెట్టాయి. 1877లో తట్టు సోకి అసంఖ్యాకులు మరణించారు. వలస ఆరంభమైనప్పుడు వేల సంఖ్యలో ఉండిన గ్రేట్ అండమానీయులు 1901లో 625 మంది, 1931లో 90 మంది. ఖైదీ తన జీవితానికి సంపాదించుకున్న అర్థానికి మూల్యం చెల్లించినవారు వీరు. వారిని ఎవరూ అడగలేదు. వరిమడి దున్నిన ఖైదీకి ఈ సంగతి ఎంతవరకు తట్టిందో కాగితాలలో లేదు.

చదువుకున్న ఖైదీ ఒకడు ఈ జీవితాన్ని స్వయంగా రాసిపెట్టాడు. మౌలానా మహమ్మద్ జాఫర్ థానేసరీ 1864 అంబాలా కుట్రకేసులో ఉరిశిక్ష పడి, అది ప్రవాసంగా మారగా 1866లో ఇక్కడికి వచ్చాడు. వచ్చింది రాజద్రోహిగా. ఇక్కడ గుమాస్తా అయ్యాడు, ఆంగ్లం నేర్చుకున్నాడు, ఆంగ్లేయ అధికారులకు హిందుస్థానీ పాఠాలు చెప్పాడు, పెళ్ళి చేసుకుని పిల్లలను కన్నాడు. 1883లో విడుదలై పంజాబుకు వెళ్ళి ఉర్దూలో రాసిన స్వీయకథ "కాలాపానీ" పేరుతో ప్రఖ్యాతమైంది. బ్రిటిష్‌వారిపై కుట్రకు పాల్పడ్డాడన్నవాడు బ్రిటిష్ దొరలకే చదువు చెప్పి జీవించడాన్ని రాజీ అని కొందరు అంటారు. ఆ పుస్తకంలో పశ్చాత్తాపం కంటె, దైవం తనను ఎలా నడిపించిందో అన్న విస్మయమే ఎక్కువ.

తెలుగు జిల్లాలనుంచి ఈ దీవులకు వచ్చిన ఖైదీలు మద్రాసు రాజధాని ఖైదీలుగానే లెక్కకు ఎక్కారు. 1879లో మొదలైన రంప పితూరీలో పట్టుబడ్డవారిలోనూ ద్వీపాంతరం వచ్చినవారున్నారు. నలభై ఏళ్ళ తరువాత అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మళ్ళీ తిరుగుబాటు లేచింది. ఆయన ముఖ్య అనుచరులు గాం సోదరులు - గంటందొర, మల్లుదొర. సీతారామరాజు నియమనిష్ఠలు గలవాడు. మల్లుదొర సాహసి, కాని నిగ్రహం తక్కువని, తాగుడు బలహీనత ఉండేదని ఆనాటి గాథలు చెబుతాయి. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 మే 7న సీతారామరాజు, జూన్‌లో గంటందొర ప్రాణాలు అర్పించారు. ఇద్దరు వీరుల మరణం కీర్తిగా మిగిలింది. బ్రతికి ఉండడం మల్లుదొర వంతు అయింది. పడిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారి, అండమాన్‌తో కలిపి పదమూడేళ్ళకు పైగా ఖైదు అనుభవించి బయటికి వచ్చాడు. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో విశాఖపట్నం ద్విసభ్య నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. మన్యంలో పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు ఎత్తుకుపోయిన దళంలోని మనిషి, స్వతంత్ర భారతపు మొదటి లోక్‌సభలో సభ్యుడు! గాథలలో ఈయనకు తమ్ముడి స్థానమే దక్కింది. ఓటువేసిన మన్యంవారు మచ్చలేని మనిషి కోసం వెదకలేదు, తమవాడిని ఎన్నుకున్నారు.

అండమాన్ ఖైదీల వలసను మూసివేయాలని ప్రభుత్వం 1921లో నిర్ణయించింది. అమలు మాత్రం సక్రమంగా సాగలేదు. మలబారు తిరుగుబాటు అనంతరం మాప్పిళ్ళలను తెచ్చారు. బర్మా నుంచి కరెన్‌లు, ఉత్తరాది నుంచి భాంతూలు వచ్చారు. 1932 నుంచి మళ్ళీ రాజకీయ ఖైదీలను పంపసాగారు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్ర మరణించారు. 1937లో జరిగిన మరొక దీక్ష ఫలితంగా మరుసటి ఏడాది నాటికి రాజకీయ ఖైదీలు స్వదేశానికి చేరారు. 1942 మార్చిలో జపానువారు దీవులను ఆక్రమించారు. 1943 డిసెంబరు 30న సుభాస్ చంద్రబోస్ పోర్ట్ బ్లేర్‌లో త్రివర్ణ పతాకం ఎగురవేశాడు. అదే పాలనలో, గూఢచారులన్న అనుమానం మీద 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చిచంపారు. స్థానికులకు విద్య, వైద్యం అందించిన డాక్టర్ దివాన్ సింగ్ అంతకు కొద్ది రోజుల ముందు జైలులో చిత్రహింసలకు గురై మరణించాడు. ఆ మూడున్నర ఏళ్ళ ఆకలి, భయం పంచుకోవడంలో ఖైదీ, ఖైదీ బిడ్డ, వర్తకుడు, ఉద్యోగి అన్న తేడాలు చాలావరకు చెరిగిపోయాయి. నేటికీ దీవులలో 1942కు పూర్వం నుంచి ఉన్న కుటుంబాలను "ప్రీ-42" అని వేరుగా పిలుస్తారు. ఖైదీల సంతతి అన్న మాట స్థానంలో ఒక సంవత్సరం పేరు వచ్చి చేరింది.

1945 అక్టోబరులో బ్రిటిష్‌వారు తిరిగివచ్చాక వలసను శాశ్వతంగా రద్దుచేసి, మిగిలిన ఖైదీలందరికీ క్షమాభిక్ష ప్రకటించారు. కోరినవారిని స్వగ్రామాలకు పంపుతామన్నారు. చాలామంది ఓడ ఎక్కారు. కొందరు ఎక్కలేదు. ఇరవై, ముప్పై ఏళ్ళ కిందట విడిచిన ఊరిలో తమ పేరు చెబితే గుర్తుపట్టేవారు ఎవరున్నారు? గుర్తుపట్టినా దేనితో గుర్తుపడతారు? ఇక్కడ మడి ఉంది, కొబ్బరిచెట్టు ఉంది, మనుమడు ఉన్నాడు.

ఖాళీ అయిన దీవులకు స్వాతంత్ర్యానంతరం కొత్తవారు వచ్చారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకులు, ఆ తరువాత తమిళనాడు, కేరళ, ఆంధ్రప్రాంతాల నుంచి పనివారు, మత్స్యకారులు, వర్తకులు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల వారు పట్టణంలోని పేటలలో, తీరపు పల్లెలలో స్థిరపడ్డారు. 2011 జనగణనలో దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 13 శాతం. తెలుగు మాధ్యమంలో ప్రభుత్వ పాఠశాలలు కూడా వెలిశాయి. వీరి తాతలకు తెలిసిన ద్వీపాంతరం ఒక శాపనార్థం. వీరు చీటీ కొనుక్కుని ఓడ ఎక్కి వచ్చారు.

భారత శిక్షాస్మృతిలోని శిక్షల పట్టికనుంచి ద్వీపాంతరవాసం అన్న మాటను 1955 నాటి సవరణ చట్టం తొలగించింది. 1956 జనవరి 1 నుంచి ఆ చోట యావజ్జీవ కారాగారవాసం అన్న మాట వచ్చింది.